పలుకుబడిలో ఊరి చరిత్ర

మంచిర్యాల కూరగాయల అంగడిలో ఒక గంప ముందు ముగ్గురు నిలుచున్నారనుకుందాం. మొదటి ఆయన "ఉల్లిగడ్డ ఎట్లిస్తున్నవ్?" అని అడుగుతాడు. రెండవ ఆమె కిలో ఉల్లిపాయలు ఇవ్వమంటుంది. మూడవ ఆయన తనకు ఎర్రగడ్డలు కావాలంటాడు. అమ్మే ఆమె ముగ్గురికీ అదే గంపలోనివి తూచి ఇస్తుంది. వారు చెప్పకపోయినా మొదటి ఆయన ఈ ప్రాంతంవాడే అనీ, రెండవ ఆమెది కోస్తా జిల్లా అనీ, మూడవ ఆయనది రాయలసీమ అనీ ఆమె ఊహించగలదు. ఆమె భాషాశాస్త్రం చదువుకోలేదు. అయినా మాటను బట్టి మనిషి పెరిగిన చోటును గుర్తించే విద్య ఆమెకు తెలుసు.

ఈ మూడు మాటలలో ఏది సరియైనది? ఇది మన బడులలో తరచుగా వినిపించే ప్రశ్న. దీనికంటె మంచి ప్రశ్న ఇంకొకటి ఉన్నది. ఒకే వస్తువుకు మూడు చోట్ల మూడు పేర్లు ఎందుకు ఏర్పడినవి? దీనికి సమాధానం వెదికితే మనుషులు ఎక్కడ పుట్టి, ఎక్కడ పెరిగి, ఏ తోవన ఎక్కడికి పోయినారో తెలుస్తుంది. ఆ చరిత్రకు మంచిర్యాల ప్రాంతం చక్కని ఉదాహరణ.

మాట ఎట్లా మారుతుంది?

ఏ భాష అయినా కాలక్రమంలో మారుతుంది. ఒక ఊరిలో ఒక కొత్త పలుకు పుట్టినప్పుడు అది అక్కడి వారితో రోజూ మాట్లాడే పొరుగు ఊరివారికి అలవాటు అవుతుంది. పెండ్లి సంబంధాలు, సంతలు, జాతరలు, కూలి పనులు ఉన్నంత మేర అది వ్యాపిస్తుంది. రాకపోకలు పలుచబడిన చోట ఆగిపోతుంది. ఇట్లా ఆగిన చోట్లను పటం మీద గుర్తించి కలిపితే ఒక గీత వస్తుంది. అటువంటి గీతలు అనేకం ఒకే చోట గుమికూడితే అక్కడ రెండు మాండలికాలకు నడుమ హద్దు ఉన్నదని చెప్పవచ్చును.

ఒక ఉదాహరణ చూడండి. పాత తెలుగులో 'వచ్చినాఁడు' అనే రూపం ఉండేది. రాయలసీమలో ఇది అరసున్న మాత్రం పోగొట్టుకొని 'వచ్చినాడు'గా నిలిచినది. కోస్తా జిల్లాలలో నడుమనున్న 'న' జారిపోయి 'వచ్చాడు' అయినది. తెలంగాణలో 'నా'లోని దీర్ఘాచ్చు జారిపోగా మిగిలిన అనునాసికం 'డు'తో కలిసి 'వచ్చిండు' అయినది. ముగ్గురూ ఒకే తాత మనుమలు. వీరిలో ఒకరు మంచివారనీ, మరొకరు చెడిపోయినవారనీ అనడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

పైగా 'చెడిపోయినది' అనుకొనే పలుకులోనే పాతదనం దాగి ఉండవచ్చును. తెలిసినదా అని అడగడానికి మంచిర్యాల పల్లెలలో "ఎరుకేనా?" అంటారు. ఈ 'ఎరుక' ప్రాచీన కావ్యాలలోని 'ఎఱుక'యే. కావ్యంలో చదివినప్పుడు గంభీరంగా తోచిన మాట, గొర్లకాపరి నోట విన్నప్పుడు మోటుగా తోచడం మన చెవుల దోషం.

ఉపాధ్యాయులు గీసిన పటం

మాటల హద్దులను పటం మీద గుర్తించే పనిని పెద్ద ఎత్తున మొదలుపెట్టినవారిలో జర్మనీకి చెందిన గియోర్గ్ వెంకర్ ముఖ్యుడు. ఆయన 1876లో రైన్ నది ప్రాంతపు బడిపంతుళ్ళకు కొన్ని చిన్న వాక్యాలు పంపి, వాటిని తమ ఊరి పలుకులో వ్రాసి పంపవలసినదని కోరినాడు. తరువాత ఈ పని జర్మనీ అంతటికీ విస్తరించి, 40,000కు పైగా బడుల నుండి జవాబులు వచ్చినవి. అంటే ప్రపంచ ప్రసిద్ధమైన ఆ మాండలిక పటానికి కావలసిన సమాచారాన్ని సమకూర్చినవారు పల్లెటూరి ఉపాధ్యాయులే.

ఆ పటాలను పరిశీలించిన పండితులు ఒక విశేషం గమనించినారు. రైన్ ప్రాంతంలో మాటల గీతలు విసనకర్ర పుల్లలవలె విడిపోయి కనిపించినవి. వాటిలో పెక్కు గీతలు పూర్వకాలపు చిన్న చిన్న రాజ్యాల, మతాధికారుల ఏలుబడుల హద్దుల వెంబడి సాగినవి. ఆ రాజ్యాలు పోయినా, వాటి హద్దులు రైతుల నాలుకలపై మిగిలి ఉన్నవి.

మన దేశంలో గ్రియర్‌సన్ నాయకత్వాన జరిగిన భారతీయ భాషల సర్వే 1928 నాటికి పూర్తి అయినది. కాని హైదరాబాదు సంస్థానమూ, మద్రాసు రాజధానీ ఆ సర్వే పరిధిలోకి రాలేదు. అందువల్ల తెలుగు పల్లెల పలుకులను ఊరూరా తిరిగి సేకరించే పని చాలాకాలం మిగిలిపోయినది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఈ కొరతను తీర్చడానికి పూనుకొన్నారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంలో వ్యవసాయ పదాలు ఉన్నవి. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చినది. ఇటువంటి పరిశీలనల ఫలితంగా తెలుగును స్థూలంగా నాలుగు మాండలిక మండలాలుగా విభజించినారు. అవి తెలంగాణ, రాయలసీమ, మధ్యకోస్తా, కళింగాంధ్ర మండలాలు.

సర్కారు మారితే మాట మారును

ఈ మండలాలు ఏర్పడడానికి కారణాలు అనేకం. వాటిలో పరిపాలన ఒకటి. ఉత్తర సర్కారులు 1766లోను, దత్తమండలాలు 1800లోను నిజాం నుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినవి. తెలంగాణ నిజాం ఏలుబడిలోనే ఉండిపోయినది. తెలుగు ప్రాంతాలు మళ్ళీ ఒకే రాష్ట్రంగా చేరినది 1956 నవంబరు 1న. ఇంతకాలం వేరువేరు కచేరీలకు, వేరువేరు న్యాయస్థానాలకు, వేరువేరు బడులకు పోయినవారి మాటలు వేరుగా ఉండడంలో వింత ఏమున్నది?

తెలంగాణలో రోగి పోయినది దవాఖానకు, కోస్తాలో ఆసుపత్రికి. ఇక్కడ గ్రామాధికారులు పటేలు, పట్వారీ. అక్కడ మునసబు, కరణం. ఆ పదవులు ఇప్పుడు లేవు, వాటి పేర్లు మాత్రం పెద్దల మాటలలో ఉన్నవి. హైదరాబాదు సంస్థానంలో మొదట పారశీకం, 19వ శతాబ్దం చివరి నుండి ఉర్దూ అధికార భాషలు. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పై చదువులు కూడ ఉర్దూలోనే సాగినవి. అందుచేత ఇక్కడి తెలుగులో షురూ, జల్ది, పరేషాన్ వంటి మాటలు నిలిచినవి.

ఉర్దూ మాటలు కలిసినందున తెలంగాణ తెలుగు స్వచ్ఛమైనది కాదని కొందరు అనేవారు. అట్లా అనేవారు వాడే జిల్లా, తహసీల్దారు, జవాబు, ఖాళీ, కాగితం కూడ అరబ్బీ, పారశీక మూలం కలవే. మునసబు సైతం అరబ్బీ నుండి వచ్చిన పదమే.

ప్రభుత్వాలవలె పంటలూ తమ తోవలను పేర్లలో దాచుకొంటవి. దక్షిణ అమెరికాలో పుట్టిన ఒక దుంప ఐరోపావారి ద్వారా మన దేశానికి వచ్చినది. తెలంగాణవారు దానిని ఆలుగడ్డ అన్నారు. ఉత్తరాది 'ఆలూ'కు తెలుగు 'గడ్డ' చేరినది. కోస్తావారు బంగాళాదుంప అన్నారు; ఆ పేరులో బంగాళాదేశపు తోవ ఉన్నది. రాయలసీమవారు ఉర్లగడ్డ అన్నారు. దాని వెనుక గుండ్రని దుంప అనే అర్థమిచ్చే తమిళపదం 'ఉరుళైక్కిళంగు' ఉన్నది. తినే దుంప ఒక్కటే, అది తెలుగునాట ప్రవేశించిన వాకిళ్ళు మూడు.

రెండు నదులు చెప్పే పాఠం

మంచిర్యాల గోదావరికి ఉత్తరపు ఒడ్డున ఉన్నది. 2016 అక్టోబరులో అదే పేరుతో జిల్లా కేంద్రమయ్యేవరకు ఇది ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. అవతలి ఒడ్డు పాత కరీంనగర్ జిల్లా. ఇంత పెద్ద నది నడుమ ఉన్నది కదా, రెండు ఒడ్డుల మాటలు వేరుగా ఉండవలెను అనిపిస్తుంది. కాని రెండు ఒడ్డులా ఇండ్లలో తల్లిని 'అవ్వ' అనీ, తండ్రిని 'బాపు' అనీ పిలవడం వింటాము. 'గట్ల', 'గిట్ల', 'వచ్చిండు', 'పోయిండు' రెండు వైపులా ఉన్నవి. నది ఉన్నప్పటికీ రెండు ఒడ్డులవారిని ఏలిన సర్కారు ఒక్కటే. వేసవిలో నీరు తగ్గినప్పుడు నడిచి, వానకాలంలో పడవ ఎక్కి వారు పెండ్లిండ్లకు, సంతలకు, ధర్మపురి, చెన్నూరు, కాళేశ్వరం వంటి క్షేత్రాలకు పోతూ వస్తూ ఉన్నారు.

ఇక ప్రాణహిత ఒడ్డుకు పోదాము. ఈ నది కాళేశ్వరం వద్ద గోదావరిలో కలుస్తుంది. దాని అవతలి ఒడ్డున సిరోంచ ఉన్నది. నిజాం 1860లో సిరోంచ ప్రాంతాన్ని బ్రిటిషువారికి అప్పగించినాడు. నేడు అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉన్నది. అక్కడ ఈనాటికీ ఇంట తెలుగు మాట్లాడే కుటుంబాలు అనేకం. కాని కచేరీలోను, బడిలోను వారికి మరాఠీయే ఎదురవుతుంది. అందువల్ల ఇంటికి, పొలానికి చెందిన మాటలు ఈ ఒడ్డువానితో కలిసినా, సర్కారుకు, చదువుకు చెందిన మాటలు వేరైనవి. గోదావరి, ప్రాణహిత రెండూ నదులే. ఒకదాని రెండు ఒడ్డులనూ ఒకే సర్కారు ఏలినది. మరొకదాని ఒడ్డులను రెండు సర్కారులు పంచుకొన్నవి. మాటను వేరుచేయడంలో నీటి కంటె సర్కారు బలమైనదని ఈ రెంటిని పోల్చినప్పుడు తెలుస్తున్నది.

మరాఠీ పొరుగు కూడ ఈ ప్రాంతానికి క్రొత్త కాదు. పాత ఆదిలాబాదు జిల్లాలోని రాజురా, కిన్వట్ ప్రాంతాలు 1956లో బొంబాయి రాష్ట్రంలో చేరేవరకు మరాఠీ, తెలుగు పల్లెలు ఒకే జిల్లాలో ఉండేవి. 'పోరడు' అనే మాటను మరాఠీ 'పోర్'తోను, పినతండ్రిని పిలిచే 'కాక'ను మరాఠీ 'కాకా'తోను పోల్చి చూడండి. ఇవి గాక ఈ అడవులలో గోండీ, కొలామీ భాషలు ఉన్నవి. ఇవి తెలుగువలె ద్రావిడ భాషలే. రెండు, మూడు, నాలుగు అనే అంకెలు గోండీలో రండ్, మూండ్, నాలుంగ్. గోండు పిల్లవాడు బడిలో తెలుగు నేర్చుకొనేటప్పుడు దూరపు చుట్టాన్ని కలుసుకొంటున్నాడని ఉపాధ్యాయుడు గుర్తిస్తే పాఠం సులువవుతుంది.

ఇన్ని భాషలు కలిసి మెలగడం వెయ్యేండ్ల పాతది. కరీంనగర్ జిల్లా కురిక్యాల సమీపంలోని బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు వేయించిన శాసనం ఉన్నది. అది 10వ శతాబ్దానిది. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నవి. తెలుగు భాగం కంద పద్యాలలో ఉన్నది. నన్నయ భారతానికి సుమారు నూరేండ్ల ముందే ఈ గడ్డ మీద తెలుగు పద్యం రాతికి ఎక్కినది.

రైలు, బొగ్గుబాయి

20వ శతాబ్దంలో రెండు సంఘటనలు ఈ ప్రాంతపు మాటను మార్చినవి. కాజీపేట నుండి బల్లార్షా వరకు రైలు మార్గం 1929లో పూర్తి అయి, మంచిర్యాల మద్రాసు–ఢిల్లీ దారిలోకి వచ్చినది. ఆ కాలంలోనే బెల్లంపల్లి వైపు బొగ్గు తవ్వకాలు మొదలైనవి. అంతకుముందు 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు సమీపంలో బొగ్గును కనుగొన్నాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. తరువాతి దశాబ్దాలలో మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్, అవతలి ఒడ్డున గోదావరిఖని బొగ్గు పట్టణాలుగా పెరిగినవి. సిర్పూరు దగ్గర కాగితపు మిల్లు వచ్చి, ఆ ఊరికి కాగజ్‌నగర్ అనే పేరే స్థిరపడినది.

కరీంనగర్, వరంగల్ పల్లెల నుండి, కోస్తా జిల్లాల నుండి, ఉత్తర హిందుస్థానం నుండి కూడ మనుషులు పనికి వచ్చినారు. వారు నేలలోకి దిగినప్పుడు ఆ క్రొత్త చోటును ఏమని పిలిచినారో గమనించండి. పుస్తకాలలో అది 'గని'. కార్మికుని నోట అది 'బాయి', 'బొగ్గుబాయి'. బాయి అంటే బావి. నేలను తవ్వి దిగే చోటు రైతుకు అంతకుముందు తెలిసినది అదొక్కటే. పొలం విడిచి బొగ్గుకు వచ్చిన రైతు తన పాత మాటను వెంట తెచ్చుకొని క్రొత్త పనికి తొడిగినాడు. వీరు రైతుకుటుంబాల నుండి వచ్చినవారని చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు.

బాయి లోపల మరికొన్ని భాషలు వినిపిస్తవి. బొగ్గు నింపే టబ్బు, హాజరు వేసే మస్టరు, వంతుకు షిఫ్టు ఇంగ్లీషువి. పనివారిపై 'సర్దారు' ఉంటాడు. ఆ పేరు పారశీకం. బొగ్గు ఎత్తే తట్ట తెలుగు. ఒక్క షిఫ్టులో ఒక్క కార్మికుడు వాడే మాటలలో ఇన్ని దేశాల ప్రయాణం ఉన్నది. యంత్రాలు వచ్చి చేతితో బొగ్గు నింపే పని తగ్గిన కొద్దీ ఈ మాటలు కూడ పెద్దల జ్ఞాపకాలలోకి జారుకొంటున్నవి.

పిల్లలు ఎవరి మాట నేర్చుకొంటారు?

ఇట్లా నాలుగు దిక్కుల నుండి వచ్చినవారు ఒకే కాలనీలో ఉంటే, వారి పిల్లలు ఏ పలుకు పలుకుతారు? తల్లిదండ్రుల పలుకే అని అనుకొంటాము. ఇంగ్లండులో 1967లో నిర్మాణానికి నిర్ణయించిన మిల్టన్ కీన్స్ అనే క్రొత్త పట్టణంలో పాల్ కెర్స్‌విల్, ఆన్ విలియమ్స్ అనే శాస్త్రజ్ఞులు 1990 తరువాత ఈ విషయాన్ని పరిశీలించినారు. అక్కడివారు చాలామంది వేరే చోట్ల నుండి వచ్చినవారు. వారు 4, 8, 12 ఏండ్ల పిల్లల మాటలను పోల్చి చూచినారు. నాలుగేండ్ల పిల్లల పలుకు తమను పెంచినవారి పలుకుకు దగ్గరగా ఉన్నది. పెద్ద పిల్లలలో ఆ పోలిక తగ్గి, పిల్లలందరి పలుకూ ఒకదానికొకటి దగ్గరయినది. బడీ, ఆటస్థలమూ కలిసి ఒక క్రొత్త పలుకును తయారు చేసినవన్నమాట.

మన బొగ్గు కాలనీలలోని ఉపాధ్యాయులకు ఇది వింత కాదు. గుంటూరు నుండి వచ్చిన తండ్రి ఇంట్లో 'వచ్చాడు' అంటుండగా, కొడుకు వీధిలో 'వచ్చిండు' అనడం వారు వినే ఉంటారు. అదే తండ్రి ఇక్కడ ముప్ఫై ఏండ్లు ఉన్నా ఆయన మాటలో పుట్టిన ఊరి జాడ పోదు. ఎదిగిన తరువాత మాటలు క్రొత్తవి చేర్చుకొంటాము గాని, ధ్వనుల అలవాటును మార్చుకోవడం చాలా కష్టం. కాబట్టి మనిషి పలుకు సాధారణంగా రెండు సంగతులు చెప్పుతుంది. దాని పునాది అతడు చిన్ననాట ఆడుకొన్న చోటును, దానిపై చేరిన మాటలు అతడు తిరిగిన చోట్లను తెలుపుతవి.

ఇక్కడి నుండి పోయినవారి సంగతీ అంతే. తెలంగాణ నేత కుటుంబాలు షోలాపూరుకు, భివండికి పోయి స్థిరపడినవి. బొంబాయిలోని కామాఠిపురకు ఆ పేరు నిజాం రాజ్యం నుండి పనికి పోయిన తెలుగువారి వల్లనే వచ్చినది. అటువంటి ఇండ్లలో నాలుగైదు తరాల క్రిందటి తెలుగు మాటలు, ఊరిలో మరపునకు వచ్చిన తరువాత కూడ నిలిచి ఉండవచ్చును. మరాఠీ కలిసినదని వాటిని చులకన చేయరాదు.

బడి చేయవలసిన పని

ఈ విషయాలు తెలుసుకొన్నందువల్ల తరగతిలో ఏమి మేలు? ఒక పిల్లవాడు లేచి "మా బాపు బాయి మీదికి పోయిండు" అన్నాడనుకోండి. తరగతి నవ్వితే, ఉపాధ్యాయుడు కూడ నవ్వితే, ఆ పిల్లవాడు మరునాటి నుండి లేచి మాట్లాడడు. తెలిసిన జవాబును కూడ లోపలే దాచుకొంటాడు. తెలంగాణలో ఎన్నో తరాల పిల్లలు ఈ విధంగా మౌనంగా చదువుకొన్నారు. పుస్తక భాషకు గిడుగు రామమూర్తి గారి ఉద్యమం వాడుక భాషను దగ్గర చేసినది. కాని నిలదొక్కుకొన్న ఆ వాడుక ఎక్కువగా కోస్తా జిల్లాలది. ఇంటి మాటకు గౌరవం కావాలని కాళోజీ నారాయణరావు గారు జీవితమంతా వాదించినారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

పరీక్షలో, పత్రికలో, పరప్రాంతాలవారితో ఉత్తరప్రత్యుత్తరాలలో అందరికీ తెలిసే ప్రమాణ భాష అవసరమే. దానిని శ్రద్ధగా నేర్పవలెను. పై వాక్యాన్ని "మా నాన్న గనికి వెళ్ళాడు" అని కూడ వ్రాయవచ్చునని ఆ పిల్లవానికి చూపించండి. ఆ పిమ్మట 'బాయి' అనే మాట ఎక్కడి నుండి వచ్చినదని తరగతిని అడగండి. నవ్విన తరగతే ఆలోచించడం మొదలుపెడుతుంది.

వెంకర్ చేసిన పనిని ప్రతి ఉన్నత పాఠశాలా తన మేరకు చేయవచ్చును. ఒక్కొక్క విద్యార్థి తన ఇంట్లో మూడు తరాలవారిని అడిగి ఇరవై వస్తువుల పేర్లు వ్రాసుకొని రావలెను. మాటను ముందుగా మనమే అందించరాదు, వస్తువునో, బొమ్మనో చూపి "దీన్ని ఏమంటరు?" అని అడగవలెను. విన్నది విన్నట్లే వ్రాయవలెను, దిద్దరాదు. చెప్పినవారి వయస్సు, పన్నెండేండ్ల వరకు పెరిగిన ఊరు, ఇక్కడికి వచ్చిన సంవత్సరం పక్కన గుర్తించవలెను. తరువాత అందరి కాగితాలూ కలిపి పటం మీద గుర్తులు పెడితే, తరగతిలోని కుటుంబాలు ఎక్కడెక్కడి నుండి వచ్చినవో ఆ పటం చూపుతుంది.

ఈ పనికి వ్యవధి ఎక్కువ లేదు. బావిలో నుండి ఎడ్లతో నీరు తోడే సాధనాన్ని తెలంగాణలో మోట అనీ, రాయలసీమలో కపిల అనీ అనేవారు. కరెంటు మోటార్లు వచ్చిన తరువాత మోట పోయినది. దాని తాళ్ళకు, గిలకకు, తొండానికి గల పేర్లు ఎరిగినవారు ఇప్పుడు వృద్ధులు. వారిలో ఒకరు మీ విద్యార్థి ఇంటి అరుగు మీదనే కూర్చుని ఉండవచ్చును. వచ్చే ఆదివారం ఆ పిల్లవాడు కాగితమూ కలమూ తీసుకొని వారి పక్కన కూర్చోవలెను.